ఆయాసం వచ్చినప్పుడు గాలి పీల్చడం కాదు, వదలడం ముఖ్యం

హోస్ట్: మేడమ్, సీఓపీడీ, అంటే గాలిగొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు, ఉన్నవాళ్లు ఆయాసం రాగానే గాలి ఇంకా గట్టిగా లాగుతారు. ఎంత లాగినా చాలదు. ఎందుకలా?

ఫిజియోథెరపిస్ట్: వాళ్ల ఇబ్బంది లాగడంలో కాదండీ, వదలడంలో ఉంది. ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలు పట్టు కోల్పోయి, గాలి పూర్తిగా బయటికి రాకముందే మూసుకుపోతాయి. పాత గాలి లోపలే ఉండిపోతే కొత్త గాలికి చోటేది? అందుకే భుజాలు వదులుచేసి, ముక్కుతో 2 అంకెలు లెక్కపెట్టేంత సేపు పీల్చాలి. ఈల వేసేటట్టు పెదవులు చుట్టి, 4 అంకెల సేపు వదలాలి. పెదవుల దగ్గర ఆ కాస్త అడ్డు ఉంటే లోపల గొట్టాలు తెరుచుకునే ఉంటాయి.

హోస్ట్: కొందరు బుగ్గలు ఉబ్బించి ఊదుతుంటారు...

ఫిజియోథెరపిస్ట్: అలా ఊదకూడదు. పొట్ట బిగించి నెడితే ఆ గొట్టాలు ఇంకా ముందే మూసుకుపోతాయి. మెట్ల దగ్గరా అంతే. ఆగి పీల్చండి, వదులుతూ ఎక్కండి. ఊపిరి బిగబట్టి మాత్రం ఎక్కకండి, దయచేసి.

హోస్ట్: టీబీ తగ్గినా రోజూ కఫం పడేవాళ్లుంటారు కదా?

ఫిజియోథెరపిస్ట్: టీబీ వల్ల గొట్టాలు దెబ్బతిని వెడల్పైపోతే బ్రాంకియెక్టాసిస్ అంటాం. కఫం అక్కడ నిలవ ఉంటుంది. వీళ్లు ఆపకుండా దగ్గి దగ్గి అలిసిపోతారు, కఫం మాత్రం కదలదు. దగ్గుకు బదులు హఫ్, అంటే గొంతు తెరిచి ‘హా’ అని గాలి బయటికి వదలడం, నేర్పిస్తాం. ముందు ఒక నిమిషం పొట్ట కదిలేలా మెల్లగా శ్వాస. తర్వాత నిండుగా పీల్చి, 3 సెకన్లు ఆపి, వదిలేయాలి. ఇది 3, 4 సార్లు చాలు, ఎక్కువైతే తల తిరుగుతుంది. మళ్లీ మెల్లగా శ్వాస. అప్పుడు నోరు, గొంతు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు ‘హా’ అని ఒకటి రెండు హఫ్‌లు.

హోస్ట్: నిండా పీల్చే చెయ్యాలా?

ఫిజియోథెరపిస్ట్: మంచి ప్రశ్న. చాలామంది తప్పేది ఇక్కడే. కఫం లోతుగా ఉంటే మామూలుగా పీల్చి, పొడవుగా హఫ్ చెయ్యాలి. పైకి వచ్చి గరగర వినిపిస్తే నిండుగా పీల్చి, పొట్టిగా, వేగంగా. ఈ వరసంతా 10 నుంచి 20 నిమిషాలు తిరిగి తిరిగి చెయ్యాలి. వరసగా రెండుసార్లు హఫ్ పొడిగా వినిపిస్తే ఆపేయొచ్చు. పిల్లికూతలు మొదలైతే మధ్యలో మెల్లటి శ్వాస పెంచండి. గొట్టాలు తెరిచే ఇన్‌హేలర్ డాక్టర్ రాసి ఉంటే, 15 నిమిషాల ముందే తీసుకోండి. భోంచేసిన వెంటనే వద్దు. కఫంలో రక్తం కనిపిస్తే అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లండి, మర్నాటిదాకా చూద్దామనుకోవద్దు.