గళ్లు చేత్తో నింపొద్దు

(తిరుపతిలో ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పలమనేరు పక్కన ఒక ఊళ్లో పాల కేంద్రం. పొద్దున ఆరున్నర. క్యాన్లు పట్టుకుని జనం వరసలో నిలబడి ఉన్నారు. నేను కంప్యూటర్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను, అక్కడ నడిచే ప్రోగ్రాం రాసింది నేనే కాబట్టి. ఒక పెద్దామె చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. "నాయనా, మిషన్ మీద ఎనిమిది పాయింట్ తొమ్మిది పడింది, నా కండ్లతో చూసినా. చీటీలో ఎనిమిది సున్నా అని ఉండాదే, ఎట్ల?"

"కేబుల్ లూజయి ఉంటుందమ్మా, చూస్తాను" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు పాల లెక్క నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఒక్క మాట. పాలకు రేటు లీటర్లను బట్టి మాత్రమే కట్టరు. ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత అని చూసి కడతారు. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే కొవ్వు పోగా పాలలో మిగిలే గట్టి పదార్థం. నీళ్లు కలిస్తే అది పడిపోతుంది. కాబట్టి 8.9 కాస్తా 8.0 అయితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, నీళ్లు కలిపిందేమో అనే మాట కూడా వస్తుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు, వరసలో నలుగురి ముందు ఆ మాట పడటం ఇంకో ఎత్తు.

నాలుగు రోజులకు గానీ నాకు అసలు సంగతి అర్థం కాలేదు. గొడవ పడినవాళ్లందరి పాలూ మంచి పాలే. 8.5 వచ్చినవాళ్లకు సరిగ్గా పడుతోంది, 8.7కీ సరిగ్గానే పడుతోంది. 8.9 వచ్చినవాళ్లకే 8.0. కేబుల్ లూజయితే ఒక్క తొమ్మిదినే ఎందుకు మింగుతుంది? గదిలో కూర్చుని సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలూ ఒక్కొక్కటిగా పంపి చూశాను. తొమ్మిది అంకెలు సరిగ్గా వచ్చాయి. తొమ్మిది అనే అంకె రాలేదు.

ఇప్పుడు ప్రోగ్రాం లోపలికి వెళ్దాం.

పాలు పరీక్షించే మిషన్ సీరియల్ కేబుల్ మీద బైట్లు, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు, ఒకదాని వెనక ఒకటి పంపుతుంది. ముందు మొదలుకు గుర్తుగా 2 అనే బైటు, తర్వాత ఫ్యాట్ అంకెలు, చుక్క, దశాంశం, కామా, ఎస్‌ఎన్‌ఎఫ్ అంకెలు, చుక్క, దశాంశం, చివర 13 అనే బైటు. వీటిని చదివి అర్థం చేసుకునేదే పార్సర్. అది ప్రతి క్షణం ఏదో ఒక స్థితిలో ఉంటుంది. మొదలు కోసం ఎదురు చూస్తోందా, ఫ్యాట్ అంకెల్లో ఉందా, ఎస్‌ఎన్‌ఎఫ్ దశాంశంలో ఉందా అన్నమాట. కొత్త బైటు రాగానే రెండే ప్రశ్నలు. ఏం చేయాలి, ఏ స్థితికి వెళ్లాలి. ఈ జవాబులన్నీ ఒక టేబుల్‌లో పెడితే ప్రోగ్రాం అసలు భాగం నాలుగు లైన్లకు మించదు. స్థితిని బట్టి వరస, బైటును బట్టి నిలువు, ఆ గడిలో ఉన్నది చెయ్యి. చాలా వేగంగా నడుస్తుంది, చదవడానికీ శుభ్రంగా ఉంటుంది.

నాది 8 స్థితులు, 128 నిలువులు. మొత్తం 1,024 గళ్లు. వాటిని నేను చేత్తో టైపు చేశాను. అక్కడే చెడింది.

ఒక సాయంత్రం ఖాళీ అక్షరానికి, అంటే 32వ గడికి, విలువ మార్చాల్సి వచ్చింది. పాత అంకె తుడిచి కొత్తది పెట్టాను. తుడిచేటప్పుడు పక్కనున్న అంకె, కామా కూడా పోయాయి. దాంతో ఆ వరసలో తర్వాతి గళ్లన్నీ ఒక్కో అడుగు ఎడమకు జరిగాయి. '0' బైటు విలువ 48, '9' బైటు విలువ 57. 48 నుంచి 57 దాకా అన్ని గళ్లలోనూ ఒకే మాట ఉండాలి, "అంకె, చేర్చుకో" అని. ఒక అడుగు జరిగితే 47లో అనవసరంగా ఆ మాట వచ్చి కూర్చుంటుంది, 57లోకి 58వ గడి మాట వస్తుంది. 58 అంటే కోలన్. ఎస్‌ఎన్‌ఎఫ్ దశాంశంలో కోలన్ వస్తే తప్పు. తప్పు వస్తే అప్పటిదాకా చదివింది ఉంచుకుని ముగించు అని రాసి పెట్టాను. అదీ నా పొరపాటే, ఆ రీడింగ్ మొత్తం పారేసి మళ్లీ అడగాల్సింది. కాబట్టి ఎనిమిది చదివింది, చుక్క చదివింది, తొమ్మిది తప్పు అనుకుంది, 8.0 రాసింది.

మరి మనం రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఎందుకు చెప్పలేదు? 128 గళ్లున్న వరసలో 129 అంకెలు పెడితే సీ కంపైలర్ అరుస్తుంది. 127 పెడితే నోరు మెదపదు. చివరి గడిలో సున్నా తనే పెట్టేస్తుంది. అది కంపైలర్ లోపం కాదు, సీ భాష నియమమే అంత. మీరు ఈ రోజు ఒక్క విషయమే గుర్తు పెట్టుకోగలిగితే దీన్నే పెట్టుకోండి.

మిషన్ పంపిన బైట్లను ఉన్నవి ఉన్నట్టు వేరే ఫైల్లో దాచే అలవాటు ఉండబట్టి బతికాం. సరిచేసిన టేబుల్‌తో వాటిని మళ్లీ చదివించి, ఎవరికి ఎంత తగ్గిందో లెక్క కట్టి ఇచ్చేశాం. ఆ పెద్దామె ఇంటికి నేనే వెళ్లాను. ఇలాంటి ప్రోగ్రాం రాసేవాళ్లు వచ్చిన బైట్లను ఎప్పుడూ పారేయకండి.

ఆ వారమే పైథాన్‌లో ఒక చిన్న స్క్రిప్ట్ రాశాను. అప్పటి నుంచి టేబుల్ నేను రాయను, నియమాలు రాస్తాను. "ఎస్‌ఎన్‌ఎఫ్ దశాంశం స్థితిలో '0' నుంచి '9' దాకా ఏది వచ్చినా చేర్చుకో, అక్కడే ఉండు." ఇది ఒక లైను. "ఏ స్థితిలో ఉన్నా 2 వస్తే పాతది వదిలేసి కొత్తది మొదలుపెట్టు." ఇది ఇంకో లైను. మొత్తం ముప్పై లైన్ల దాకా. స్క్రిప్ట్ వీటిని చదివి 1,024 గళ్లు నింపి, సీ భాషలో ఒక ఫైలు రాసి ఇస్తుంది. ఫైల్లో లైనుకు 16 అంకెలు, ప్రతి స్థితి పైనా దాని పేరుతో కామెంట్, ఫైలు నెత్తిన "ఇది స్క్రిప్ట్ రాసింది, చేత్తో మార్చొద్దు, మార్చాలంటే ఫలానా ఫైలు చూడు" అని ఒక మాట.

నింపడం సులభం, దానికి రెండు లూపులు చాలు. స్క్రిప్ట్ విలువంతా నింపాక చేసే తనిఖీల్లో ఉంది.

అలిపిరి మెట్లు పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కేవాళ్లను మీరంతా చూసే ఉంటారు. వంగి, ఒక మెట్టుకు బొట్టు పెట్టి, పై మెట్టుకు వెళ్తారు. ఎంత అలిసినా ఒక్క మెట్టు కూడా వదలరు. స్క్రిప్ట్ చేయాల్సిన మొదటి పని అదే. ప్రతి గడికీ ఒక నియమం తగిలిందా? ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫైలు రాయకుండా ఆగిపోవాలి, ఏ స్థితిలో ఏ బైటుకు జవాబు లేదో పేరు పెట్టి చెప్పాలి. ఖాళీ గడిలో సున్నా పెట్టి సర్దుకునే హక్కు దానికి ఇవ్వొద్దు. "మిగతావన్నీ తప్పు" అనే నియమం కావాలంటే ఆ స్థితిలో మీరే రాయండి, అది మీరు ఆలోచించి రాసిన మాట అవుతుంది.

రెండోది, ఒకే గడిని రెండు నియమాలు పట్టుకుంటే రెండింటి లైను నంబర్లూ చూపించి ఆగాలి. "తర్వాత రాసిందే గెలుస్తుంది" అని పెడితే కొన్నాళ్లకు మీ నియమాలను మీరే నమ్మలేరు. "మిగతావన్నీ" ఒక్కటే దీనికి మినహాయింపు, అది అన్నీ నిండాక చివర్లో ఖాళీలకే వెళ్తుంది. మూడోది, మొదటి స్థితి నుంచి బయలుదేరితే ప్రతి స్థితికీ దారి ఉందా అని చూడాలి. దారి లేని స్థితి ఉందంటే ఎక్కడో ఒక పేరు తప్పు రాశారని అర్థం. నాకు ఇది రెండుసార్లు దొరికింది.

పెద్ద ఉదాహరణ కావాలంటే మీ ల్యాప్‌టాప్‌లో నల్లగా తెరుచుకునే టెర్మినల్ కిటికీనే చూడండి. డెక్ అనే కంప్యూటర్ల కంపెనీ 1978లో వీటీ100 అనే టెర్మినల్ తెచ్చింది. తెర తుడువు, కర్సర్ జరుపు అని చెప్పడానికి 27 అనే ఎస్కేప్ బైటుతో మొదలయ్యే బైట్ల వరసలు అది వాడింది, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. ఆ వంశపు టెర్మినళ్లు బైట్లను ఎలా చదువుతాయో పాల్ విలియమ్స్ అనే ఆయన ఓపికగా పరిశీలించి 14 స్థితుల బొమ్మ గీశారు. ఆ బొమ్మను టేబుల్‌గా మార్చే సీ ప్రోగ్రాం ఒకటి ఉంది, దాని టేబుల్‌ను రూబీ భాషలోని స్క్రిప్ట్ రాసిపెడుతుంది. 14 స్థితులు, 256 బైట్లు, అంటే 3,584 గళ్లు. అలిపిరి మెట్లు 3,550 అంటారు కదా, ఇంచుమించు అంతే. ఎస్కేప్ బైటు ఎక్కడ వచ్చినా, ఏ పని మధ్యలో ఉన్నా, కొత్త వరస మొదలు. 24, 26 బైట్లు ఎక్కడ వచ్చినా ఉన్నది రద్దు. నియమంగా రాస్తే ఒక్కోటీ ఒక్క లైను. చేత్తో అయితే ఒక్కోదాన్నీ 14 వరసల్లో మర్చిపోకుండా పెట్టాలి. నాలుగు బిట్లలో 16 విలువలు పడతాయి కాబట్టి 14 స్థితులకు అవి చాలు, చేయాల్సిన పని ఇంకో నాలుగు బిట్లలో పడుతుంది. ఒక గడికి ఒక్క బైటు చాలు. రేపు మీరు 17వ స్థితి చేర్చితే అది నాలుగు బిట్లలో పట్టదు. ఆ సంగతి కూడా స్క్రిప్టే చూసి చెప్పాలి.

నియమాల నుంచి టేబుల్ పుట్టించడం కొత్త ఆలోచన కాదు. డొనాల్డ్ కనూత్ 1965లో ఎల్‌ఆర్ పార్సింగ్, అంటే వ్యాకరణం నుంచి టేబుల్ కట్టి చదివే పద్ధతి, చెప్పినప్పుడు దాని టేబుళ్లు మరీ పెద్దవిగా వచ్చేవి. వాటిని కుదించే దారి 1969లో డిరెమర్ చూపించారు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రాసిన యాక్ 1970ల్లో ఆ పనిని అందరి చేతికీ అందించింది. వ్యాకరణం ఇస్తే సీ ఫైలు ఇస్తుంది. ఒకదానిలో ఒకటి ఇమిడే వాక్యాలు, బ్రాకెట్లు ఉన్న భాషకు అలాంటివి వాడండి. అక్కడ కూడా అందరూ టేబుళ్లే వాడతారని కాదు. జీసీసీ కంపైలర్ సీ++ కోసం 2004లో యాక్ లాంటి బైసన్‌ను వదిలి చేత్తో రాసిన పార్సర్‌కు మారింది, ఆ భాషకు అదే నప్పింది. కానీ కేబుల్ మీద వరసగా వచ్చే బైట్లకు యాక్ అక్కర్లేదు, వంద లైన్ల స్క్రిప్ట్ సరిపోతుంది.

ఒక వాదన ఎప్పుడూ వస్తుంది. స్క్రిప్ట్ ఉందిగా, అది రాసిన ఫైలును గిట్‌లో, అంటే ప్రోగ్రాం మార్పులన్నీ దాచే చోట, ఎందుకు పెట్టాలి? పెట్టాలనే అంటాను నేను. పాల కేంద్రంలో ఉన్న పాత కంప్యూటర్‌లో పైథాన్ ఉండదు, సీ ఫైలు ఉంటే చాలు. దానికన్నా పెద్ద కారణం, ఒక నియమం మారిస్తే ఏ గళ్లు మారాయో డిఫ్‌లో, అంటే పాతదానికీ కొత్తదానికీ తేడా చూపే జాబితాలో, కళ్లెదుట కనిపిస్తుంది. ఒక గడి మారాల్సిన చోట నలభై మారితే అక్కడే ఆగి చూసుకుంటారు. అందుకని స్క్రిప్ట్ ఎన్నిసార్లు నడిపినా అక్షరం పొల్లు పోకుండా అదే ఫైలు రావాలి. ఫైల్లో తేదీ, టైము రాయించకండి. టెస్టుల్లో ఒకటి స్క్రిప్ట్‌ను మళ్లీ నడిపి, గిట్‌లో ఉన్న ఫైలుతో పోల్చి చూడాలి. ఎవరైనా తొందరలో టేబుల్‌ను చేత్తో గెలికితే ఆ పూటే బయటపడుతుంది.

ఇప్పుడు మీ చేత ఒకటి చేయిస్తాను, పెన్నులు తీయండి. తెలుగు పదాన్ని అక్షరాలుగా విడగొట్టే టేబుల్.

"శ్రీకాళహస్తి" అని బోర్డు మీద రాశాను. మన కంటికి ఐదు అక్షరాలు: శ్రీ, కా, ళ, హ, స్తి. కంప్యూటర్‌కు ఇవి 12 యూనికోడ్ సంకేతాలు, అంటే లిపిలో ఒక్కో గుర్తుకూ ఇచ్చిన నంబర్లు. శ, పొల్లు, ర, ఈత్వం, అలా వస్తాయి. యూనికోడ్ ప్రామాణిక నియమాల్లోనే 2023లో 15.1 వెర్షన్ వచ్చేదాకా "శ్రీ" ఒక్కటిగా ఉండేది కాదు, పొల్లు దగ్గర రెండు ముక్కలయ్యేది. ఇక్కడ బైట్లు వద్దు, జాతులు తీసుకోండి: అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా లేక విసర్గ, మిగతావి. స్థితులు నాలుగు చాలు: మొదలు, హల్లు తర్వాత, పొల్లు తర్వాత, అచ్చు లేక గుణింతం తర్వాత. హల్లు వచ్చినప్పుడు ముందు పొల్లు ఉంటే అదే అక్షరంలో చేర్చు, లేకుంటే అక్కడ గీత గీసి కొత్తది మొదలుపెట్టు. పొల్లు తర్వాత స్థితిలో "మిగతావి" వస్తే అక్షరం అక్కడితో ముగించు, "పాల్" అనే పదం చివర లాగా.

నియమాలన్నీ రాశారా? ఇప్పుడు "సాఫ్ట్‌వేర్" వేసి చూడండి. ట్ తర్వాత వ ఒత్తుగా కిందికి దిగకుండా పక్కన నిలబడింది కదా, వాటి మధ్య కంటికి కనబడని 8204 అనే సంకేతం ఉంది. మీ జాబితాలో దానికి జాతి లేదు. "మిగతావి"లో పడేస్తే ముగిసేది ముగుస్తుంది, కానీ ఆ కనబడని సంకేతం మాత్రం వెనకటి అక్షరానికీ ముందటి అక్షరానికీ చెందకుండా ఒంటరిగా ఒక అక్షరమై కూర్చుంటుంది. దానికి ఏడో జాతి ఇచ్చి స్క్రిప్ట్ నడపండి. ఫైలు రాయదు. నాలుగు స్థితుల పేర్లు వరసగా చూపించి, ఒక్కోదాన్లో ఆ సంకేతం వస్తే ఏం చేయాలని అడుగుతుంది. ఆ నాలుగు గళ్లకు మీ జవాబులు కాగితం మీద రాసి, వెళ్లేముందు ఈ బల్ల మీద పెట్టండి.