శాంటా క్లారా కౌంటీ: ఇంగిలీకం నుంచి ఇంటి పన్ను దాకా

[దృశ్యం: శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దక్షిణపు కొస. పైనుంచి చూపే పటంలో పదిహేను నగరాల హద్దులు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. మధ్యమధ్య చీకటి ముక్కలు మిగిలిపోతాయి.]

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఏ ఊళ్లో ఉందంటే ఎవరైనా పాలో ఆల్టో అనే చెబుతారు. నిజానికి ప్రధాన క్యాంపస్ ఆ నగర హద్దుల్లో లేదు. ఏ నగర హద్దుల్లోనూ లేదు. అక్కడ కొత్త హాస్టల్ కట్టుకోవాలన్నా అనుమతి ఇవ్వాల్సింది శాంటా క్లారా కౌంటీ. పటంలో మీకు కనబడుతున్న ఆ చీకటి ముక్కలన్నీ అలాంటివే, నేరుగా కౌంటీ చేతి కింద ఉన్న నేల.

సన్నీవేల్, కూపర్టినో, మిల్పిటాస్‌లలో ఏళ్ల తరబడి ఉంటున్న మన తెలుగువాళ్లకు ఊరు తెలుసు, రాష్ట్రం తెలుసు. మధ్యలో ఉన్న కౌంటీ మాత్రం ప్రాపర్టీ టాక్స్ కవరు మీద తప్ప పెద్దగా కనబడదు. దాన్ని మన జిల్లాతో పోల్చి వదిలేయడం మామూలు. ఆ పోలిక సగమే సరైనది. మన జిల్లాకి కలెక్టరు పైనుంచి వస్తారు. ఇక్కడ ఐదుగురు సూపర్‌వైజర్లను జనమే నాలుగేళ్లకోసారి ఎన్నుకుంటారు. కౌంటీ పోలీసు పెద్ద షెరీఫ్, ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీ, భూముల విలువ కట్టే అసెసర్ కూడా ఓటుతో గెలిచి రావాల్సినవాళ్లే. రోజువారీ పాలన చూసే కౌంటీ ఎగ్జిక్యూటివ్‌ని ఆ ఐదుగురి బోర్డే నియమిస్తుంది. కౌంటీకి మేయర్ ఉండరు. స్థానిక శాసనాలు చేసేదీ, వాటి అమలును కనిపెట్టి చూసేదీ ఆ బోర్డే.

[దృశ్యం: తూర్పున డయాబ్లో కొండలు, పడమట శాంటా క్రూజ్ కొండలు, మధ్యలో లోయ.]

కౌంటీ పుట్టింది 1850 ఫిబ్రవరి 18న, కాలిఫోర్నియాలో మొదట ఏర్పడ్డ 27 కౌంటీల్లో ఒకటిగా. కాలిఫోర్నియా అమెరికాలో రాష్ట్రంగా చేరింది ఆ తర్వాత, సెప్టెంబరులో. 1853లో ఉత్తరపు ముక్క కొంత కోసి అలమీడా కౌంటీకి ఇచ్చారు. మిగిలింది సుమారు 1,300 చదరపు మైళ్లు. రెండు కొండల వరసల నడుమ వాగులు తెచ్చి పోసిన ఒండ్రుమట్టి లోయ ఇది. జనమంతా ఆ లోయలోనే. తూర్పు కొండలు ఇప్పటికీ దాదాపు ఖాళీ.

ఈ నేలని మొదట ఎరిగినవాళ్లు ఓలోనీ ఆదివాసులు. 1777 జనవరిలో స్పెయిన్ మతగురువులు శాంటా క్లారా మిషన్ పెట్టారు. అదే ఏడాది నవంబరు 29న శాన్ హోసే ఊరు వెలిసింది, అప్పటి ఆల్టా కాలిఫోర్నియాలో సైనిక స్థావరమో మిషనో కాని మొదటి ఊరు. మిషన్‌లో ఓలోనీల చేత పని చేయించారు. కొత్త రోగాలు వాళ్లని ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టాయి. వాళ్ల వారసులు ఇవాళ్టికీ ఇక్కడే ఉన్నారు.

[దృశ్యం: ఎర్రటి రాయి, దగ్గరగా. దాన్ని కొలిమిలో వేడి చేస్తే వెండిలా మెరిసే చుక్కలు.]

శాన్ హోసేకి దక్షిణాన కొండల్లో ఓలోనీలు ఒక ఎర్ర రాయిని పొడిచేసి రంగుగా పూసుకునేవారు. మన పాత పుస్తకాల్లో ఇంగిలీకం అనేది అదే. 1845లో ఆండ్రెస్ కాస్టియెరో అనే మెక్సికో సైనికాధికారి అందులో పాదరసం ఉందని గుర్తుపట్టాడు. తీసే పద్ధతి చిన్నదే: రాయిని కొలిమిలో కాల్చాలి, లేచిన ఆవిరిని చల్లబరచాలి, కారిన పాదరసాన్ని ఇనప సీసాలకి ఎత్తాలి. ఒక్కో సీసా 76 పౌన్లు. మూడేళ్లు తిరిగేసరికి కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. బంగారపు రజను మట్టిలోంచి విడదీయాలంటే పాదరసం కావాలి. అది బంగారాన్ని పట్టుకుంటుంది, తర్వాత వేడి చేస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. స్పెయిన్‌లోని ఆల్మడెన్ గని పేరే పెట్టి న్యూ ఆల్మడెన్ అన్న ఈ గని, ఆ అవసరాన్ని ఇంటి పక్కనే తీర్చింది.

గని మూతపడింది, ఆ కొండ ఇప్పుడు కౌంటీ పార్కు. పాదరసం మాత్రం పోలేదు. కాల్చి పారబోసిన రాతిపొడి వానకి కొట్టుకొచ్చి గ్వాడలూపే వాగులో, కింది చెరువుల్లో అడుగున పేరుకుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది చిన్న చేపలోంచి పెద్ద చేపలోకి పోగవుతూ పోతుంది. అందుకే గ్వాడలూపే, ఆల్మడెన్, కాలేరో రిజర్వాయర్ల దగ్గర చేపలు తినొద్దన్న బోర్డులు ఉంటాయి. సరదాకి గాలం వేసినా, పట్టిన చేపని వదిలేయండి. ఉడికించినా వేయించినా పాదరసం పోదు.

[దృశ్యం: ఒండ్రు లోయలో పూసిన ప్లమ్, ఏప్రికాట్ తోటలు. తర్వాత బోరు పంపు.]

1856లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రూన్ (ఎండబెట్టి తినే రకం ప్లమ్) అంట్లతో ఇక్కడ పండ్ల తోటల కాలం మొదలైంది. ప్రూన్లు, ఏప్రికాట్లు, చెర్రీలు, వాటిని ఎండబెట్టే కళ్లాలు, డబ్బాల్లో నింపే క్యానరీలు. తొలిరోజుల్లో నీళ్లకి ఇబ్బంది లేదు. బావి తవ్వితే నీరు దానంతటదే పైకి చిమ్మేది. తోటలు పెరిగాయి, పంపులు వచ్చాయి, నీటిమట్టం దిగిపోయింది. దాంతోపాటు నేలా దిగిపోయింది. 1910ల నుంచి 1969 నాటికి శాన్ హోసే నడిబొడ్డు సుమారు 13 అడుగులు కుంగింది.

కారణం బంకమట్టి. ఈ లోయ అడుగున ఇసుక పొర, బంకమట్టి పొర ఒకదానిమీద ఒకటి ఉంటాయి. బంకమట్టి రేణువుల మధ్య నీరు ఉన్నంతకాలం ఆ నీటి ఒత్తిడి కూడా పై బరువును మోస్తుంది. నీరు తోడేస్తే బరువంతా రేణువుల మీద పడి పొర అణిగిపోతుంది. తర్వాత మళ్లీ నీరు నింపితే ఇసుక పొర నిండుతుంది గాని, అణిగిన బంకమట్టి లేవదు. కుంగిన 13 అడుగులూ ఇక కుంగినట్టే. బోరు పైపులు నలిగి విరిగాయి, మురుగు కాలువలకు వాలు తప్పింది, అఖాతం ఒడ్డున ఉన్న ఆల్విసో సముద్రమట్టం కంటే కిందికి వెళ్లింది. 1983లో కొయోటీ క్రీక్ పొంగినప్పుడు ఆ ఊరు మునిగింది.

దీన్ని ఆపిన తీరు తెలుసుకోదగ్గది. 1929లో నీటి కోసం ప్రత్యేక సంస్థ పెట్టుకున్నారు. 1935, 36ల్లో కొండ వాగుల మీద ఆరు రిజర్వాయర్లు కట్టారు. చలికాలపు వాన నీటిని పట్టి ఉంచి, ఎండల్లో మెల్లగా వాగుల్లోకి, ఇంకుడు చెరువుల్లోకి వదలడం వీటి పని. అదీ చాలలేదు. బయటి నుంచి నీరు తెచ్చాకే, ముఖ్యంగా 1965లో రాష్ట్ర కాలువ నీరు అందాకే, కుంగడం ఆగింది. ఆ సంస్థ పేరు ఇప్పుడు వ్యాలీ వాటర్. అది కౌంటీ శాఖ కాదు, దాని బోర్డుకు వేరే ఎన్నిక ఉంటుంది. వరద, వాగు గట్ల ఫిర్యాదులు కౌంటీకి చేసి రోజులు పోగొట్టుకోవద్దు, నేరుగా అక్కడికే వెళ్లాలి.

[దృశ్యం: తోటల మీద ఫ్యాక్టరీ కప్పులు పరుచుకునే పాత ఏరియల్ ఫొటోలు.]

1939లో పాలో ఆల్టోలోని ఒక గ్యారేజీలో హ్యూలెట్ ప్యాకర్డ్, 1956లో మౌంటెన్ వ్యూలో షాక్లీ ల్యాబు, ఆ మరుసటి ఏడు అందులోంచి బయటికొచ్చినవాళ్ల చిప్పుల కంపెనీ ఫెయిర్‌చైల్డ్, 1968లో ఇంటెల్. ఈ వరస చాలామందికి తెలిసిందే. తక్కువగా చెప్పుకునేది నేల కింద జరిగింది. చిప్పులు కడిగే ద్రావకాలను భూమిలో పాతిన ట్యాంకుల్లో నిల్వ చేసేవారు. 1981 చివర్లో దక్షిణ శాన్ హోసేలోని ఫెయిర్‌చైల్డ్ ట్యాంకు లీకై తాగునీటి బావిలోకి చేరిందని బయటపడింది. వెతికితే మిగతా చోట్లా అదే తంతు. ఈ ద్రావకాలు నీటికంటే బరువు, కిందికి దిగిపోతాయి, త్వరగా కుళ్లవు. అందుకే అమెరికాలో మరే కౌంటీలో లేనన్ని సూపర్‌ఫండ్ స్థలాలు (విషం చేరిందని కేంద్ర ప్రభుత్వం శుద్ధికి పెట్టిన జాబితాలోవి), 23, ఇక్కడ తేలాయి. నేలలోంచి ఆవిరి ఇళ్లలోకి ఎక్కే ప్రమాదం ఉంది గనుక, మౌంటెన్ వ్యూ లాంటిచోట పాత ఫ్యాక్టరీ స్థలాల పక్కన ఇల్లు కొనేముందు ఆ వివరాలు అడిగి తీసుకోండి.

ఇదే కాలంలో శాన్ హోసే నగరం నేలని మింగడం కూడా జరిగింది. 1950 నుంచి 1969 దాకా సిటీ మేనేజరుగా ఉన్న డచ్ హామన్ చుట్టుపక్కల తోటలన్నీ కలుపుకుంటూ పోయారు. 17 చదరపు మైళ్ల శాన్ హోసే 130 దాటింది, జనం 95 వేల నుంచి 4 లక్షల 40 వేలు దాటారు. కలవనన్న పేటలు మధ్యలో దీవుల్లా మిగిలాయి. శాన్ హోసే నడుమ ఉన్న బర్‌బ్యాంక్ పేట అలాంటిదే. అక్కడ గది పెంచుకోవాలంటే అనుమతి కౌంటీది, పోలీసు షెరీఫ్‌ది. పోస్టల్ అడ్రసులో శాన్ హోసే అని ఉండటం చూసి సిటీ ఆఫీసులో దరఖాస్తు పెట్టి తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. ముందు పార్సెల్ నంబరుతో (స్థలానికి అసెసర్ ఇచ్చే గుర్తు) ఏ పరిధిలో ఉందో చూసుకోవాలి. కూపర్టినో, సారటోగా, లాస్ ఆల్టోస్ హిల్స్ నగరాలే అయినా వాటికి సొంత పోలీసులు లేరు, షెరీఫ్‌తోనే ఒప్పందం.

[దృశ్యం: శాన్ హోసే జపాన్‌టౌన్ వీధి, వియత్నామీ అంగళ్లు.]

2020 లెక్కల్లో కౌంటీ జనాభా 19,36,259. ఏ ఒక్క వర్గానికీ సగం లేదు. ఆసియా మూలాలవాళ్లు అందరికంటే ఎక్కువ. అయితే ఈ చోటు తేలిగ్గా దొరకలేదు. 1887లో శాన్ హోసే చైనాటౌన్‌ని తగలబెట్టారు. నగరం క్షమాపణ చెప్పింది 2021లో. 1942లో జపాన్ మూలాల కుటుంబాలను నిర్బంధ శిబిరాలకు తరలించారు. ఆ శిబిరంలో బాల్యం గడిపిన నార్మన్ మినేటా 1971లో శాన్ హోసే మేయరయ్యారు. ఇవాళ విమానాశ్రయానికి ఉన్న పేరు ఆయనదే.

కౌంటీ బలం ఎంతో తెలిసిన రోజు 2020 మార్చి 16. కోవిడ్ వల్ల ఇళ్లకే పరిమితం కావాలని దేశంలో వచ్చిన మొదటి ఆదేశాలు గవర్నరు నుంచి రాలేదు, అఖాతం చుట్టూ ఉన్న ఆరు కౌంటీల ఆరోగ్యాధికారుల నుంచి వచ్చాయి. ఆ అధికారం చట్టం వాళ్ల చేతిలోనే పెట్టింది.

[దృశ్యం: రైలు పట్టాల పక్కన కర్ర కంచె.]

ఇక పన్ను. 1880ల్లో ఈ కౌంటీ సదరన్ పసిఫిక్ రైల్వే మీద బకాయి పన్నుకి దావా వేసింది. ఆ రైల్వే పెద్ద లీలండ్ స్టాన్‌ఫర్డే. పట్టాల పక్క కంచెలకి విలువ కట్టాల్సింది కౌంటీ అయితే, రాష్ట్ర బోర్డు కట్టిందన్న కారణంతో 1886లో సుప్రీంకోర్టు రైల్వేకి అనుకూలంగా తీర్పిచ్చింది. తీర్పు కంచెల గురించే. కానీ తీర్పులను పుస్తకంగా అచ్చువేసే కోర్టు రిపోర్టరు పైన రాసిన సారాంశంలో, చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగ పద్నాలుగో సవరణ రక్షణ కంపెనీలకూ వర్తిస్తుందని ప్రధాన న్యాయమూర్తి అన్న మాట చేర్చాడు. కంపెనీల హక్కుల వాదనలు తర్వాత ఆ మాటనే పట్టుకున్నాయి.

ఇవాళ్టి పన్నుకి మూలం 1978లో రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన ప్రపొజిషన్ 13. కొన్న ధరలో 1 శాతం పన్ను, దానిపై ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల అప్పు తీర్చే వాటా. లెక్కకట్టే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. 40 ఏళ్ల కింద 2 లక్షల డాలర్లకు కొన్న ఇంటి విలువ ఏటా పూర్తి 2 శాతం పెరిగినా 4,41,600 దగ్గర ఆగుతుంది, మూల పన్ను 4,416. అదే ఇల్లు మీరు 15 లక్షలకు కొంటే 15,000.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కొన్నాక కొన్ని నెలలకి సప్లిమెంటల్ బిల్లు వస్తుంది. పాత విలువకీ కొత్త విలువకీ తేడా 10,58,400, అందులో 1 శాతం 10,584. సెప్టెంబరులో కొంటే అక్టోబరు 1 నుంచి జూన్ 30 దాకా తొమ్మిది నెలల వాటా 7,938. జనవరి నుంచి మే లోపు కొంటే ఇలాంటి బిల్లులు రెండు. ఇవి మీ పేరనే వస్తాయి, బ్యాంకు ఎస్క్రోలోంచి (పన్నుల కోసం మీ నెలవాయిదాతో పాటు తీసి ఉంచే ఖాతా) మామూలుగా కట్టదు. బ్యాంకే కట్టిందిలే అనుకుంటే గడువు దాటాక 10 శాతం జరిమానా. బిల్లు అందలేదంటే ఒప్పుకోరు.

మామూలు వార్షిక బిల్లు రెండు విడతలు: మొదటిది డిసెంబరు 10 లోపు, రెండోది ఏప్రిల్ 10 లోపు. సొంతిల్లయితే ఒక్కసారి ఫారం పెడితే విలువలోంచి 7,000 తగ్గిస్తారు. ఏడాదికి 70 డాలర్లే, అయినా వదులుకోనక్కర్లేదు. జనవరి 1 నాటి మార్కెట్ ధర అసెసర్ కట్టిన విలువకంటే తక్కువైతే జులై 2 నుంచి సెప్టెంబరు 15 లోపు అప్పీలు చేయవచ్చు. ఆ జనవరి 1కి ముందూ వెనకా, మీ ఇంటిలాంటివే దగ్గర్లో ఎంతకి అమ్ముడయ్యాయో ఆధారాలు జత చేయండి. అప్పీలు తేలకపోయినా విడత గడువులో డబ్బు కట్టాల్సిందే. గెలిస్తే తేడా తిరిగి ఇస్తారు.