పండు ఈగ మీదికి పండు ఈగే

శ్రోతలకు నమస్కారం.

పండు పైకి నిగనిగలాడుతూ ఉంటుంది. కోసి చూస్తే లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడుతుంటాయి. ఆడ పండు ఈగ తొక్కకు సూదిమొనతో గుచ్చినట్టు చిన్న గాటు పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. పురుగు గుజ్జులోనే పెరుగుతుంది, ఆ తర్వాత మట్టిలోకి దిగి కోశస్థ దశకు చేరుతుంది, అంటే కోశం అనే గట్టి పెంకులో ఉండి ఈగగా మారుతుంది. ఈ రెండు చోట్లకూ పైన కొట్టిన మందు అందదు. అందుకే ఈగను ఈగతోనే కట్టడి చేసే పద్ధతి గురించి ఈ రోజు చెప్పుకుందాం. లక్షల కొద్దీ మగ ఈగలను పెంచి, రేడియేషన్‌తో వాటికి సంతానం కలగకుండా చేసి, తోటల మీద వదులుతారు.

అమెరికన్ కీటక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ నిప్లింగ్ ఆలోచన ఇది. పశువుల పుండ్లలో పడే స్క్రూవార్మ్ ఈగ మీద 1954లో కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో గెలిచింది. ఇందులోని లెక్క చూడండి. తోటల్లో లక్ష మగ ఈగలు, లక్ష ఆడ ఈగలు ఉన్నాయనుకుందాం. తరానికి సంఖ్య ఐదు రెట్లవుతుందనుకుందాం. 9 లక్షల వంధ్య, అంటే సంతానం కలగని, మగ ఈగలను వదిలితే పది జతల్లో తొమ్మిది వృథా. మిగిలిన పదో వంతు ఐదింతలైనా ఆడ ఈగలు 50 వేలే. మళ్లీ అవే 9 లక్షలు వదిలితే నిష్పత్తి 18కి 1. మూడో తరంలో సుమారు 13 వేలు, నాలుగో తరంలో వెయ్యి లోపు. మందు పని పురుగులు తగ్గే కొద్దీ కష్టమవుతుంది, ఈ పద్ధతి తగ్గే కొద్దీ పదునెక్కుతుంది. కాబట్టి ముందు రాలిన పండ్లు ఏరిపారేసి, ప్రోటీన్ ఎర మందుతో సంఖ్య దించి, అప్పుడు వదలాలి.

అసలు నైపుణ్యమంతా రేడియేషన్ డోసులో ఉంది. మెడిటరేనియన్ పండు ఈగకు సాధారణంగా 100 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం) పైచిలుకు డోసు ఇస్తారు, అదీ కోశం నుంచి ఈగ బయటికి రావడానికి ఒకటి రెండు రోజుల ముందు. అప్పటికి రెక్కలు, కాళ్లు, కండరాలు దాదాపు తయారై ఉంటాయి, కాబట్టి వాటికి దెబ్బ తక్కువ. తొందరపడితే రెక్కలు వంకరపోతాయి. ఆలస్యమైతే కోశాలు ఉంచిన సంచిలోనే ఈగలు పుట్టేస్తాయి. సరైన వయసు తెలుసుకోవడానికి కోశం విప్పి లోపలి ఈగ కంటి రంగు చూస్తారు. రేడియేషన్ తగిలిన వీర్యకణాలు చావవు, గుడ్డును చేరతాయి కూడా. వాటిలోని క్రోమోజోములు విరిగిపోవడంతో పిండం ఎదగకుండానే చచ్చిపోతుంది.

డోసు తగ్గితే కొన్ని మగ ఈగలకు సంతానశక్తి మిగిలిపోతుంది. పెరిగితే ఈగ నీరసిస్తుంది, అడవి మగ ఈగ ముందు నిలవలేదు. డోసు ఎక్కువైతే ఇంకా భద్రమని అనుకోవడమే ఇక్కడ పెద్ద పొరపాటు. అందుకే కోశాలను ప్లాస్టిక్ సంచుల్లో గాలి చొరకుండా మూసి, చల్లగా సుమారు గంటసేపు ఉంచుతారు. సంచిలో ఉన్న ఆక్సిజన్‌ను అవే పీల్చేసుకుంటాయి. ఆక్సిజన్ లేని చోట రేడియేషన్ శరీరానికి చేసే హాని తగ్గుతుంది. వంధ్యత్వానికి కావలసిన డోసు మాత్రం కొంచెం పెరుగుతుంది. సంచికి సన్న చిల్లు పడినా ఈ లెక్క తప్పుతుంది, ఆ సంచిలోని ఈగలు బలహీనంగా పుడతాయి.

రేడియేషన్ కోసం గామా కిరణాలు వెలువరించే కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం వాడేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. దాని అర్ధాయువు, అంటే బలం సగానికి పడిపోయే కాలం, 5.27 సంవత్సరాలు. అంటే నెలకు సుమారు ఒక శాతం చొప్పున బలం తగ్గుతుంది, ఆ మేరకు ఉంచే సమయాన్ని పెంచుతూ పోవాలి. ఒకే డబ్బాలో అంచుకూ మధ్యకూ డోసు తేడా ఉంటుంది. అందుకే డోసు కొలిచే ఫిల్మును డబ్బాలో చాలా చోట్ల పెట్టి కొలుస్తారు. ఈ గామా కిరణాల వల్ల ఈగలు రేడియోధార్మికం కావు, వాటిని వదిలిన తోటలో రేడియేషన్ ఉండదు.

ఆడ ఈగలను కూడా వదిలితే అవి పండ్లకు గాట్లు పెడతాయి, వంధ్య మగ ఈగలు వాటితోనే జతకడుతూ కాలం గడిపేస్తాయి. దీనికోసం ఒక ప్రత్యేక వంశం రూపొందించారు. దాని గుడ్లను 34 డిగ్రీల నీటిలో 24 గంటలు ఉంచితే ఆడ పిండాలు చచ్చిపోయి మగవే మిగులుతాయి. మగవి మాత్రమే వదిలినప్పుడు ఫలితం నాలుగైదు రెట్లు మెరుగైందని గ్వాటెమాలా ప్రయోగాల్లో తేలింది.

నాణ్యత పరీక్ష చాలా సులువు. పది సెంటీమీటర్ల నల్ల గొట్టం లోపల టాల్కం పౌడరు పూసి, అడుగున వంద కోశాలు పెడతారు. పౌడరు మీద కాలు నిలవదు, ఎగరగలిగినవే బయటపడతాయి. ఈ ఒక్క పరీక్ష వదిలేసినా కార్యక్రమం మొత్తం గుడ్డిగా నడిచినట్టే.

జపాన్ ఒకినావా దీవుల్లో పుచ్చకాయ ఈగ మీద 1972లో ఈ పని మొదలైంది. 1978కి కుమే దీవి, 1993కి మిగతా దీవులు శుభ్రపడ్డాయి. ఇరవై ఏళ్లు పట్టింది. పక్క తోటల నుంచి జతకట్టిన ఆడ ఈగలు ఎగిరి వచ్చే చోట ఒక్క రైతు తన తోటలో మాత్రమే వదిలి ప్రయోజనం లేదు. ఊళ్లన్నీ కలవాలి.

వదిలిన ఈగలను అడవి ఈగల నుంచి గుర్తుపట్టడానికి, వదిలే ముందు కోశాలకు మెరిసే రంగు పొడి కలుపుతారు. ఈగ పుట్టేటప్పుడు తలలోంచి ఒక సంచిని ఉబ్బించి కోశం మూత తోస్తుంది, తర్వాత దాన్ని లోపలికి లాక్కుంటుంది. పొడి దానితోపాటు తలలోకి పోయి అక్కడే ఉండిపోతుంది. ఒంటి మీది పొడి రాలిపోయినా ఇది పోదు. తోటలో కట్టిన ట్రాపులో (ఈగలను పట్టే బోనులో) పడిన ఈగ తల చిదిపి అతినీలలోహిత దీపం కింద చూస్తే మెరుస్తుంది. మెరవకపోతే వృషణాలను మైక్రోస్కోపులో చూస్తారు. అది అడవి ఈగే అని తేలితే ఆ ట్రాపు చుట్టూ మరిన్ని ట్రాపులు కట్టి, అక్కడ వదిలే వంధ్య ఈగల సంఖ్య పెంచుతారు.