సున్నం కలిసిన మట్టి

శ్రోతలకు నమస్కారం.

కరాచీలో పాకిస్థాన్ స్టేట్ ఆయిల్ కంపెనీ ఆఫీసు ఉంది. 1990ల మొదట్లో కట్టిన తళతళలాడే అద్దాల భవనం. దాన్ని డిజైన్ చేసినావిడే తర్వాత మట్టి పొయ్యిలు, వెదురు గదులు కట్టించే పనిలోకి దిగారు. పేరు యాస్మీన్ లారీ. పాకిస్థాన్ తొలి మహిళా ఆర్కిటెక్ట్.

1941లో పుట్టి, ఇంగ్లండ్‌లో చదువుకుని, 1960ల్లో కరాచీలో ప్రాక్టీసు మొదలుపెట్టారామె. 1970ల్లో లాహోర్‌లోని అంగూరీ బాగ్‌లో పేదల ఇళ్ళ పని వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "మరి మా కోళ్ళెక్కడ ఉండాలి?" అని. అందుకే ఆ ఇళ్ళకి మెట్లుమెట్లుగా ఆరుబయటి డాబాలు వచ్చాయి. ఆ ప్రశ్న ఏ ఆర్కిటెక్చర్ కాలేజీ పరీక్షలోనూ రాదనుకుంటా!

1980లో భర్త సుహైల్ జహీర్ లారీతో కలిసి, పాత కట్టడాల్ని కాపాడే హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టారు. సింధ్‌లో ఠట్టా పక్కన మక్లీ అనే పెద్ద శ్మశానవాటిక ఉంది. శతాబ్దాల నాటి రాజుల, సూఫీల సమాధులు. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోని చోటు. అక్కడి సమాధుల మరమ్మతూ ఈ సంస్థ చేపట్టింది. అలాంటి పాత గోడకి సిమెంట్ పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక, ఉప్పు పేరుకుని రాయి పెచ్చులూడుతుంది. సున్నమైతే గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది. మన మేస్త్రీలకి గానుగ సున్నం తెలిసిన సంగతే. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతులోనూ సిమెంట్ ఒలిచేసి సున్నమే వాడారు.

లారీ 2000లో ప్రాక్టీసు మానేశారు. హాయిగా చరిత్ర పని చేసుకుందామనుకుంటే, 2005 అక్టోబరు 8న ఉత్తరాన భారీ భూకంపం వచ్చింది. కొండల్లోకి వెళ్ళి, కూలిన ఇళ్ళ రాయీ కలపా ఏరించి, మట్టీ సున్నం కలిపి వాటితోనే మళ్ళీ కట్టించారు. తర్వాత సింధ్‌లో వరదలు. ఉత్త మట్టిగోడ నీళ్ళలో నానితే కూలిపోతుంది. సున్నం కలిపితే మట్టిలోని బంకమన్నుతో పట్టుకుని గట్టిపడుతుంది, అంత తేలిగ్గా కరగదు. సమాధుల దగ్గర పనికొచ్చిన సరుకే గుడిసెకీ పనికొచ్చిందన్నమాట. సిమెంట్‌కి సున్నపురాయిని దాదాపు 1450 డిగ్రీల దాకా కాల్చాలి, సున్నానికి 900 చాలు. ఆరేటప్పుడు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ కొంత వెనక్కి తీసుకుంటుంది కూడా. ఇక ఇంటి ఎముకలగూడు వెదురుతో. ఎనిమిది వెదురు తడకల్ని నిలబెట్టి బిగిస్తే ఒక ఎనిమిది పలకల గది.

2023లో బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ ఆమెకి రాయల్ గోల్డ్ మెడల్ ఇచ్చింది. నాకు మాత్రం ఆమె పనుల్లో పొయ్యే గొప్పగా అనిపిస్తుంది. నేలమీది పొయ్యి వాన నీళ్ళొస్తే ముందు మునిగేది, వండే మనిషి కళ్ళనిండా పొగే. లారీ దాన్ని ఎత్తైన మట్టి అరుగు మీదికెక్కించి, సున్నం పూసి, పొగగొట్టం పెట్టించారు. దానికి 2018లో వరల్డ్ హ్యాబిటాట్ అవార్డు వచ్చింది. అరుగు చుట్టూ ఇల్లాళ్ళు పూలూ పిట్టలూ దిద్దుకుంటారు. పని నేర్చినవాళ్ళు పక్క ఊళ్ళకి వెళ్ళి పొయ్యిలు వేయడం నేర్పుతారు, పొయ్యికి ఇంత అని కూలి తీసుకుంటారు.