యూనియన్ వదిలేస్తే వెయ్యి పౌండ్లు: చెల్టెన్‌హామ్‌లో ఒక ఆదివారం

అందరికీ నమస్తే అండి. నైట్ షిఫ్ట్ దిగి రెండు గంటలు పడుకున్నాను. ఎండ వచ్చింది కదా అని బస్సెక్కి ఇటొచ్చాను. అదిగో, పెద్ద గారెలా గుండ్రంగా, మధ్యలో ఖాళీగా ఉన్న బిల్డింగ్ కనిపిస్తోందా? జీసీహెచ్‌క్యూ, బ్రిటన్ నిఘా సంస్థ. దగ్గరికెళ్లి తీయను, ఇక్కడి నుంచే చూడండి.

ఈ బిల్డింగ్ తర్వాత కట్టింది. నేను చెప్పబోయేది 1984 నాటి సంగతి. ఆ జనవరిలో అప్పటి ప్రధాని థాచర్ ప్రభుత్వం దేశ భద్రత పేరు చెప్పి, ఇక్కడి ఉద్యోగులు యూనియన్లలో ఉండకూడదంది. సభ్యత్వం వదులుకుంటామని సంతకం పెడితే మనిషికి 1,000 పౌండ్లు. చాలామంది తీసుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేను, ఇంటి అప్పులు, పిల్లల చదువులు అందరికీ ఉంటాయి. 14 మంది మాత్రం ససేమిరా అన్నారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఏటా జనవరిలో ఈ వీధుల్లోనే వాళ్ల కోసం ఊరేగింపు తీసేవారు. 1997లో లేబర్ ప్రభుత్వం వచ్చాకే నిషేధం ఎత్తేశారు.

నన్ను బాగా కదిలించింది ఆ వెయ్యి పౌండ్ల సంగతే. యూనియన్ ద్వారా జీతం మాట్లాడుకునే హక్కు వదిలేస్తే ఎక్కువ జీతం ఇస్తామని ఇక్కడి ప్రైవేటు యజమానులూ ఆశ పెట్టారు. ఒక పత్రికలో, కొన్ని ఓడరేవుల్లో పనిచేసేవాళ్లు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి 2002లో గెలిచారు. ఆ తర్వాత 2004లో చట్టం మార్చారు. సభ్యత్వం మానుకోమని ఇప్పుడు ఏ యజమానీ డబ్బు చూపించకూడదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను మొదట చేసిన కేర్ హోమ్‌లో ఒక సీనియర్ టీ బ్రేక్‌లో మెల్లగా అన్నారు, "యూనియన్ అంటే నీ స్పాన్సర్‌షిప్ రెన్యూవల్ కష్టం" అని. ఆరు నెలలు నోరు మూసుకున్నాను. రాత్రి నిద్ర పట్టేది కాదు, ఒకటే టెన్షన్. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ను, అంటే మన వీసాకు బాధ్యత తీసుకునే యజమానిని, వెతుక్కోవాలి. ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు.

కానీ అక్కలూ, చెల్లెళ్లూ, వీసా మీద వచ్చిన మనకూ ఈ చట్టం వర్తిస్తుంది. యూనియన్‌లో చేరకుండా బెదిరించడం తప్పు. చేరినందుకు తీసేస్తే, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లయినా సరే కేసు వేయొచ్చు. అయితే తీర్పు వచ్చేదాకా ఉద్యోగం, జీతం కొనసాగేలా ట్రిబ్యునల్‌ను, అంటే ఉద్యోగ తగాదాలు తేల్చే కోర్టును, అత్యవసరంగా అడగాలంటే ఉద్యోగం పోయాక 7 రోజులే గడువు. ఈ ఏడు రోజుల మాట దయచేసి రాసిపెట్టుకోండి, నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, యూనియన్‌లో ఉన్నామని యజమానికి చెప్పాల్సిన పని లేదు. ఇక్కడి డేటా చట్టం ఆ వివరానికి ఆరోగ్యం, మతం వివరాలతో సమానంగా ప్రత్యేక రక్షణ ఇచ్చింది. చందా నేరుగా మన బ్యాంకు నుంచే కట్టుకోవచ్చు. నేనూ అలాగే కడుతున్నాను.

మా నాన్న గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడు. గుర్తింపు సంఘం ఎన్నికలంటే మా ఇంట్లో పండగలా ఉండేది. ఫోన్ చేసి చేరానని చెప్తే, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు, "అక్కడ గేట్ మీటింగ్ ఏ పూట పెడతారు బిడ్డా?"