సోమం తాగితే దేవుడు కనిపించాడా?

యాంకర్: నమస్కారం. సోమమంటే వేదకాలపు యాగాల్లో తాగిన రసం. ‘సోమం తాగాం, అమృతులమయ్యాం, వెలుగును చేరాం, దేవతలను తెలుసుకున్నాం’ అంటుంది ఋగ్వేదం ఎనిమిదో మండలం. ఇది భక్తా, మత్తా? మాస్టారూ, మీతో మొదలుపెడదాం.

సంస్కృత ఆచార్యులు: ముందు కల్లూ సారా సంగతి పక్కన పెట్టేద్దాం. సుర వేరు, సోమం వేరు. కోపాన్నీ పాచికలనూ చెప్పిన చోటే సురనూ చెప్పి, మనిషి తప్పు చేయడానికి ఇవే కారణాలంటాడు వసిష్ఠుడు. సోమాన్నేమో రాళ్లతో దంచి, గొర్రె ఉన్నిలో వడగట్టి, పాలో పెరుగో కలిపి, ఆ పూటే తాగేవారు. పులియడానికి వ్యవధేదీ? ప్రభావం ఉంటే గింటే మొక్కలోనే ఉండాలి.

యాంకర్: ఏ మొక్క, మేడమ్?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు: అదే తేలడం లేదు! 1968లో గోర్డన్ వాసన్ అది మొక్కే కాదు, పుట్టగొడుగన్నాడు. ఆయన జె.పి. మోర్గాన్ బ్యాంకులో వైస్ ప్రెసిడెంటుగా చేసినవాడు, పిచ్చి మాత్రం పుట్టగొడుగుల మీద. వేదంలో సోమం కాడ గురించి ఉంది గానీ ఆకు, వేరు, పువ్వు ఊసు లేదు. కాబట్టి ఎర్ర టోపీ మీద తెల్లచుక్కలుండే అమానిటా మస్కారియాయే సోమమని ఆయన వాదన. సైబీరియాలో అది తిని పూనకంలోకి వెళ్లేవారు. తిన్నవాళ్ల మూత్రం తాగినా మత్తెక్కుతుంది. తొమ్మిదో మండలంలో కూడా మూత్రం మాట ఉందని...

ఆచార్యులు: అక్కడ కురిసేది వానండీ!

అధ్యాపకురాలు: నేనూ ఆయన్ని సమర్థించడం లేదు మాస్టారూ. ఆకు ఊసు లేనంత మాత్రాన ఆకు లేదని ఎలా అంటాం?

మానసిక వైద్యుడు: నాకు ఎఫెడ్రా వాదమే నచ్చుతుంది, అంటే సోమం ఆ పేరున్న పొద అని. ఇరాన్ జొరాస్ట్రియన్లు తమ హవోమకు, అంటే సోమం లాంటి పూజా పానీయానికి, వాడేది అదే. అందులోని ఎఫెడ్రిన్ నిద్రను తరిమేస్తుంది, గుండె వేగం పెంచుతుంది. వేదం సోమాన్ని ‘జాగృవి’ అంటుంది, అంటే మెలకువగా ఉండేది. ఇంద్రుడు సోమం తాగే వృత్రుడి మీదికి వెళ్లాడు. భ్రాంతుల్లో తేలేవాడు యుద్ధమేం చేస్తాడు? 1989లో హ్యారీ ఫాక్ అనే సంస్కృత పండితుడు కూడా దాదాపు ఇదే చెప్పాడు.

యాంకర్: మరి ‘దేవతలను తెలుసుకున్నాం’ అన్నదో?

వైద్యుడు: దానికి బోస్టన్ వెళ్లాలి. 1962 గుడ్ ఫ్రైడే, మార్ష్ చాపెల్ అనే చర్చి. ఇరవై మంది థియాలజీ విద్యార్థుల్లో సగం మందికి వాల్టర్ పాంకే అనే పరిశోధకుడు సైలోసైబిన్, అంటే కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే భ్రాంతి మందు, ఇచ్చాడు, మిగతావారికి ఒళ్లు వేడెక్కించే నికోటినిక్ యాసిడ్. పైన ప్రార్థన జరుగుతుంటే కింద గదిలో స్పీకర్లలో విన్నారు. సైలోసైబిన్ తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది తమది గాఢమైన ఆధ్యాత్మిక అనుభవమన్నారు.

ఆచార్యులు: దేవుడి చదువు చదివేవాళ్లు, పవిత్ర దినం, చర్చి. ఇంకేం కనపడాలండీ వాళ్లకి?

వైద్యుడు: ఒప్పుకుంటాను. పైగా మందు ఎవరికి పడిందో కాసేపటికే అందరికీ తెలిసిపోయింది. ఒకతను గదిలోంచి బయటికి పరుగెత్తితే మత్తు దిగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. పాంకే థీసిస్‌లో ఆ ముక్క లేదు. పాతికేళ్ల తర్వాత వాళ్లను వెతికి మాట్లాడిన పరిశోధకుడు రిక్ డోబ్లిన్, 1991లో బయటపెట్టాడు. అయితే ఆనాటి అనుభవం తమ జీవితంలో నిలిచిపోయిందని అప్పటికీ చెప్పారు వాళ్లు. దాన్ని కొట్టిపారేయలేం.

ఆచార్యులు: నేను కొట్టిపారేయను. కానీ మన కోనసీమ చూడండి. అక్కడి సోమయాజులు యాగంలో వాడేది సోమలత. ఆకుల్లేని పాలతీగ, భ్రాంతులు కలిగించే మొక్కగా దానికి పేరే లేదు. ఇది నిన్నమొన్నటి సర్దుబాటు కాదు. సోమం దొరక్కపోతే పూతీకమనే మరో మొక్క దంచుకోమని తాండ్య బ్రాహ్మణమనే వైదిక గ్రంథమే వెసులుబాటిచ్చింది. తీగ మారింది, మంత్రం మారలేదు, క్రతువు ఆగలేదు. మత్తే మతానికి ప్రాణమైతే, అది పోయాక ఇదంతా ఎందుకు బతికింది?

వైద్యుడు: బతకడం వేరు, పుట్టడం వేరు మాస్టారూ. ఎవరికో మొదట దర్శనమై, ఆ తర్వాత ఆచారంగా మిగిలి ఉండొచ్చుగా?

ఆచార్యులు: ఉండొచ్చు. రుజువేదీ?

యాంకర్: ఓ ప్రేక్షకుడు ఇదే అడుగుతున్నారు. తవ్వకాల్లో ఏమైనా దొరికిందా, మేడమ్?

అధ్యాపకురాలు: దొరికిందనే అనుకున్నారు. తుర్క్‌మెనిస్తాన్‌లోని గోనూర్‌లో పాత్రల మీద ఎఫెడ్రా, గంజాయి ఆనవాళ్లున్నాయని పురావస్తు శాస్త్రవేత్త విక్టర్ సరియానిడి ప్రకటించాడు. సోమం చిక్కిందని సంబరపడ్డారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఆ ముక్కలనే మళ్లీ పరీక్షిస్తే కనిపించినవి వరిగ గింజల అచ్చులు.