అన్నం పెడుతున్నాం సరే, స్థలం సంగతేంటి?

అందరికీ వందనాలు. ఇల్లు లేనివాళ్ల ప్రస్తావన రాగానే చర్చిలు ఠక్కున చేసే పని ఒకటుంది: భోజనాలు పెట్టడం, దుప్పట్లు పంచడం. మంచిదే, ఆకలితో ఉన్నవాడికి ముందు అన్నమే కావాలి. తిన్నాక ఆ మనిషి ఎక్కడికి వెళ్తాడు? మళ్లీ ఆ ఫుట్‌పాత్ మీదికే. యెషయా 58వ అధ్యాయం ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టమని చెప్పి ఊరుకోలేదు, దిక్కులేని బీదల్ని ఇంట్లో చేర్చుకోమంది. మొదటి సగం మనకు బాగా వచ్చు. రెండో సగం దగ్గరికొచ్చేసరికి నసుగుతాం.

1985 చలికాలం, అమెరికాలోని నాష్‌విల్. చార్లెస్ స్ట్రోబెల్ అనే కాథలిక్ ఫాదర్ రాత్రిపూట తన గది కిటికీలోంచి బయటికి చూశారు. చర్చి పార్కింగ్‌లో కొందరు కార్లలోనే పడుకుని ఉన్నారు. ఇవాళ లోపలికి పిలిస్తే రేపూ పిలవాలి, ఎల్లుండీ పిలవాలి. అది తెలిసీ పిలిచారు. అలా 1986లో ‘రూమ్ ఇన్ ది ఇన్’ (సత్రంలో చోటు) అనే ఏర్పాటు మొదలైంది. భారమంతా ఒక్క చర్చి మీద పడదు, ఊళ్లో చాలా చర్చిలు వంతులు వేసుకుంటాయి. తన వంతు వచ్చిన రాత్రి ఆ సంఘం కొద్దిమందిని తీసుకెళ్లి, భోజనం పెట్టి, పడక ఇచ్చి, పొద్దున్నే పంపిస్తుంది. హాల్లో పదిమందికి పరుపులు వేయడం చిన్న సంఘానికైనా చేతనవుతుంది కదా.

కానీ తెల్లారేసరికి ఆ పరుపు చుట్టేయాల్సిందే. అది ఒక రాత్రి నీడ, ఇల్లు కాదు.

అందుకే నా గొడవంతా స్థలం గురించి. చాలా చర్చిల దగ్గర డబ్బుండదు, స్థలం ఉంటుంది. ఆదివారం రెండు మూడు గంటలు కార్లతో నిండిపోయి, మిగతా ఆరు రోజులు ఎండకు ఎండుతూ పడుండే పార్కింగ్ లాంటిది. వర్జీనియాలో ఆర్లింగ్టన్ ప్రెస్బిటేరియన్ చర్చి ఏకంగా తమ మందిరాన్నే అమ్మేసింది, లాభాపేక్ష లేని ఒక గృహనిర్మాణ సంస్థకి. మందిరం పడగొట్టి అక్కడ తక్కువ అద్దెకు 173 ఫ్లాట్లు కట్టారు. 2019లో జనం దిగారు. సంఘం మళ్లీ అదే బిల్డింగ్ కింది అంతస్తులోకి వచ్చి ఆరాధన మొదలుపెట్టింది. తమ పిల్లల బాప్తిస్మాలు జరిగిన గోడలు కూలుతుంటే చూడటం ఎంత కష్టమో ఊహించుకోండి.

అందరూ అమ్మేయాలని నేననను. దీర్ఘకాలం లీజుకి ఇవ్వొచ్చు. స్థలం సంఘం పేరు మీదే ఉంటుంది, కట్టడం, నడపడం అనుభవం ఉన్న సంస్థ చూసుకుంటుంది. పాస్టర్ గారు మాత్రం బిల్డర్ అవతారం ఎత్తొద్దు, దయచేసి.

పర్మిషన్లు ఇంకో తలనొప్పి. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ రూల్స్ చాలాచోట్ల చర్చి స్థలంలో ఇళ్లు కట్టనివ్వవు. కాలిఫోర్నియా 2023లో ఎస్‌బీ 4 అనే చట్టం చేసి, మత సంస్థలు తమ స్థలంలో తక్కువ ఆదాయం వాళ్లకు ఇళ్లు కట్టదలిస్తే, షరతులకు లోబడి, జోనింగ్ మార్పించుకునే పని లేకుండా చేసింది. అద్దె ఇళ్లైతే 55 ఏళ్లు తక్కువ అద్దెకే ఉండాలి. అమెరికాలోనే ఇంకో రాష్ట్రం మిన్నెసోటాలో 2024 నుంచి చర్చి ఆవరణలోనే ఇల్లు లేనివాళ్ల కోసం బుల్లి ఇళ్లు పెట్టుకోవచ్చు. వాటిలో కొన్నింట్లో వాలంటీర్లు కూడా ఇరుగుపొరుగుగా కాపురం ఉండాలి. ఇది నాకు చాలా నచ్చింది. సాయం చేసి ఇంటికెళ్లిపోవడం కాదు, పక్కింట్లోనే ఉండటం!

నచ్చనిది కూడా చెప్తాను. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఫుగ్గెరై అని పేదల కాలనీ ఉంది. యాకోబ్ ఫుగ్గర్ అనే ధనిక వర్తకుడు 1521లో పెట్టాడు. ఇప్పటికీ ఏడాది అద్దె 88 సెంట్లు, ఒక్క యూరో కూడా కాదు. దాంతోపాటు రోజుకు మూడు ప్రార్థనలు. 500 ఏళ్లు నిలబడ్డందుకు దండం పెట్టాల్సిందే, కానీ ఆ ప్రార్థన షరతు నాకు మింగుడుపడదు. ఇల్లిస్తాం, ఆరాధనకు రావాలి అంటే అద్దె కింద భక్తి వసూలు చేసినట్టే.

మీ సంఘ పెద్దల మీటింగ్ ఈసారి జరిగినప్పుడు, పెయింట్లు, మైకుల గొడవ అయ్యాక ఒక్క పది నిమిషాలు అడిగి తీసుకోండి. మన స్థలం ఎవరి పేరున ఉంది, సంఘం పేరునా, ట్రస్టు పేరునా, పై సంస్థ పేరునా? దాన్ని లీజుకిచ్చే హక్కు ఎవరికుంది? అసలు ఆ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో అక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమందికి తెలుసో చూడండి.